గ్రంథముల యెన్నిక: ఉక్కు, విమానము

ఉద్యోగధర్మమున స్వస్థలమును వీడి దూరదేశముల కాపురముండు తెలుగు కుటుంబములకు పుస్తకము కేవలము కాలక్షేపము కాదు. పల్లెలోనున్న బాలునికి తాత చెప్పును, గుడి చెప్పును, చేనిగట్టు చెప్పును, కమ్మరి కొలిమి చెప్పును. ప్రభుత్వపు క్వార్టర్లలో, కొన్నేండ్లకొక ఊరు మాఱుచు పెరుగు బిడ్డకు ఈ నలువురి పనియు బీరువాలోని పుస్తకములే చేయవలసియున్నది. కావున తెలుగు సంఘములు ఏటేట కొను పది యిరువది పుస్తకముల యెన్నిక, వెచ్చించు సొమ్ము స్వల్పమే యైనను, స్వల్పవిషయము కాదు.

సంఘముల గ్రంథాలయములలో సభ్యులు వ్రాసి యిచ్చు కోరికల పట్టికలను చూచినచో, నవలలు, వారపత్రికలు పోగా మిగిలినవి చాలవఱకు మూడు తెగలుగా నుండును. తోటపని, ఛాయాగ్రహణము, తపాలాబిళ్ళల సేకరణము, పక్షులను పరిశీలించుట మొదలగు హాబీలకు సంబంధించినవి మొదటి తెగ. హిందూధర్మమును గుఱించినవి రెండవ తెగ. వీనిని పెద్దలు తమకొఱకును, అంతకంటె మిక్కిలిగా పిల్లలకొఱకును కోరుదురు. మన పూర్వులు ఏ యే లోహములను, యంత్రములను, శిల్పములను ఎఱిగియుండిరో తెలుపు సాంకేతిక విజ్ఞాన చరిత్రములు మూడవ తెగ. కార్యవర్గ సమావేశములందు వాదము పుట్టునది సాధారణముగా ఈ మూడవ తెగయొద్దనే. మన ఘనతను చాటు పుస్తకములు కావలెనని యొకరందురు. అవి కట్టుకథలని వేఱొకరందురు. కోశాధికారిగారు ప్రొద్దుపోయినదందురు.

ఈ మూడు తెగలును వేర్వేరుగా తోచినను వీని యెన్నికకు గీటురాయి యొక్కటే యని నా యభిప్రాయము. తాను చెప్పిన మాటను పాఠకుడు స్వయముగా సరిచూచుకొనుటకు గ్రంథకర్త దారి విడిచెనా, లేక నమ్మి ఊరకుండుమనెనా యనునదే ఆ గీటురాయి. దీనిని కొన్ని పుస్తకముల చరిత్రవలననే చూపుట యుక్తము.

తెలుగువారికి ఈ సమస్య క్రొత్తది కాదు. 1854లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులుగారు చెన్నపట్టణమున ముద్రణాలయమును నెలకొల్పినది మొదలు పురాణములును, కావ్యములును, సంస్కృత గ్రంథములును తెలుగు లిపిలో అచ్చగుచునే యుండెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. పుస్తకములు లేకపోలేదు; కాని చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగున చదువగోరువానికి దొరకునవి మిక్కిలి తక్కువ. ఈ కొదువను కనిపెట్టినవారు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు. ఆయన మిత్రులతో కలిసి 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము దాని తొలి ప్రచురణము. పిమ్మట దేశచరిత్రములు, శాస్త్రగ్రంథములు వరుసగా వెలువడెను. ఉన్న పుస్తకములలో నేది కొనవలెనని మనము విచారింతుము. లేని పుస్తకమేదో గుర్తించి దానిని వ్రాయించుట ఆయన చేసిన యెన్నిక. పిదప ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొని, అకారము దాటకమునుపే 1923లో స్వర్గస్థుడయ్యెను.

1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. అయ్యంకి వేంకటరమణయ్యగారి పేరు వినని గ్రంథాలయోద్యోగి యుండడు. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో కృష్ణా కాలువమీద పడవలో గ్రంథాలయము నడిచినది. పడవలో పట్టునవి కొన్ని పుస్తకములే గనుక ఎన్నిక తప్పనిసరి. బదిలీమీద పోవు ఉద్యోగి ట్రంకుపెట్టెయు ఆ పడవవంటిదే.

అరల వరుసను గుఱించి యిచ్చట నొకమాట. గ్రంథాలయములందు విరివిగా వాడుకలోనున్న డ్యూయీ వర్గీకరణము 1876లో అమెరికాలో పుట్టినది. అందు మతములకు కేటాయించిన అంకెలలో 220 మొదలు 280 వఱకు బైబిలునకును క్రైస్తవమునకునే చెల్లినవి. తక్కిన లోకములోని మతములన్నియు 290లో సర్దుకొనవలసివచ్చెను. హిందూమతము 294.5. సాంకేతిక విజ్ఞాన చరిత్రము 609. వినోద వ్యాసంగములు 790 ప్రాంతమున నుండును. అంకెలు వేయుట గుమాస్తాపని యని కొందఱనుకొందురు. కాని ఒక పుస్తకము ఏ అంకె క్రిందికి వచ్చునో నిర్ణయించుట దానిమీద తీర్పు చెప్పుటయే. మన రంగనాథన్‌గారు వేఱొక పద్ధతిని 1933లో ప్రకటించుటకు ఈ యిరుకు అరలు కొంతకారణము. ఈ అంకెల సంగతి మరల వచ్చును.

మొదట హాబీలు. వీనిని చిన్నచూపు చూచుట కలదు. పైకము మిగిలినచో చూతమందురు. నా దృష్టిలో గ్రంథవిచక్షణకు ఓనమాలు దిద్దించునవి ఇవియే. తోటపనిని గుఱించిన పుస్తకములో తప్పున్నయెడల ఒక ఋతువులోనే మొక్క చచ్చి సాక్ష్యము చెప్పును. వంగదేశమున మతాధికారిగా నుండిన ఫర్మింజరు అను ఆంగ్లేయుడు 1860ల దశకములో ఈ దేశపు తోటపనికి ప్రత్యేకముగా నొక గ్రంథమును వ్రాసెను. ఇంగ్లండులో అచ్చయిన తోటపుస్తకములు ఇచ్చటి ఎండలకు, వానలకు పనికిరాకపోవుటయే దానికి కారణము. ఆ బుద్ధి నేటికిని అవసరము. బాపట్ల నేలకు వ్రాసిన పుస్తకమును పట్టుకొని ఢిల్లీ చలిలో కరివేపాకు మొక్కను పెంచబోయిన తెలుగు ఇల్లాలికి ఈ సంగతి వేఱొకరు చెప్పనక్కఱలేదు. కొనుటకు ముందు చూడవలసినది, రచయిత ఏ నేలమీద, ఏ నెలలో విత్తి చూచి వ్రాసెనో యనునదే.

ఈ తెగలో మేలిబంతి సలీం అలీగారి ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్. 1941లో వెలువడినది; పెక్కు ముద్రణములు పొందినది. ఆయనకు విశ్వవిద్యాలయపు పట్టము లేదు. 1931, 32 సంవత్సరములలో నిజాము రాష్ట్రమునందలి పక్షులను సర్వే చేయుచు తెలంగాణపు అడవులలోను తిరిగినవాడు. ఆ పుస్తకములో ప్రతి పక్షి పరిమాణమును అంగుళములతో సరిపెట్టక పిచ్చుకతోను, పికిలిపిట్టతోను, గోరువంకతోను, కాకితోను పోల్చి చెప్పినాడు. కొలబద్ద పాఠకుని పెరటిలోనే యున్నది! పదేండ్ల బాలుడు కిటికీ దగ్గఱ నిలిచి పుస్తకము చెప్పినది నిజమా కాదా తేల్చుకొనగలడు. ఇట్టి పుస్తకముతో చదువు ప్రారంభించినవాడు తక్కిన పుస్తకములను గూడ అదేవిధముగా నిలదీయుట నేర్చును.

హిందూధర్మమును గుఱించిన పుస్తకములకు ఇంత సులభమైన పరీక్ష లేదు. మొక్క చచ్చుట, బ్రదుకుట అను సాక్ష్యము ఇందు దొరకదు. అందువలననే ఈ యరలో పొల్లు ఎక్కువ. "శాస్త్రములు ఘోషించుచున్నవి" అని వ్రాసి, ఏ శాస్త్రము, ఏ యధ్యాయము, ఏ శ్లోకమో చెప్పని పుస్తకములను నేను కొనవలదందును. అవి భక్తితో వ్రాసినవైనను సరే. దీనికి ఎదురు నిదర్శనముగా పాండురంగ వామన కాణేగారిని చెప్పవలెను. బొంబాయి హైకోర్టున న్యాయవాది. వ్యవహారమయూఖమునకు ఒక పీఠికను వ్రాయబూని, అది చాలక ధర్మశాస్త్ర చరిత్రమునకే పూనుకొనెను. మొదటి సంపుటము 1930లో, అయిదవది 1962లో వెలువడెను. మొత్తము ఆఱువేల అయిదువందల పుటలకు పైమాట. 1963లో భారతరత్న బిరుదము వచ్చెను. ఒక ఆచారమును గుఱించి స్మృతులలో రెండభిప్రాయములున్నచో రెండింటిని మూలస్థలములతో సహా చూపుట ఆయన పద్ధతి. తమ ఇంటి యాచారమే సనాతనమని వాదించు ఇరువురు బంధువులను ఆ గ్రంథముముందు కూర్చుండబెట్టినచో ఇరువురును మెత్తబడుదురు.

కాణేగారి సంపుటములు ఇంటింట నుండదగినవి కావు. సంఘమున కొక ప్రతి చాలును. ఇంటికి హిరియణ్ణగారి అవుట్‌లైన్స్ ఆఫ్ ఇండియన్ ఫిలాసఫీ చాలును. 1932 నాటిది, ఒక్క సంపుటము, తొందరపాటు మాట యొకటియు లేదు. రాజమహేంద్రవరమున పాఠములు చెప్పి, 1931 మొదలు 1936 వఱకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిన రాధాకృష్ణన్‌గారి ఇండియన్ ఫిలాసఫీ రెండు సంపుటములు 1923లోను, 1927లోను వచ్చినవి. వాని శైలి ఆకర్షకము. అయినను మొదట హిరియణ్ణగారిని చదివి పిదప వానిని చేపట్టుట మేలని నా సలహా. పిల్లలకు ఇవేవియు వలదు. వారికి భారత రామాయణ కథలు తెలుగులో, పెద్ద యక్షరములలో నుండిన చాలును.

ఇక వివాదమునకు మూలమైన మూడవ అర.

మన దేశపు సాంకేతిక విజ్ఞాన చరిత్రమునకు దారితీసినవారిలో అగ్రగణ్యుడు ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయిగారు. 1861లో జన్మించి, ఎడింబరోలో చదివి, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో రసాయనశాస్త్రమును బోధించినవాడు. ఫ్రాన్సు దేశపు ప్రసిద్ధ రసాయనవేత్తయు, రసవాద చరిత్రకారుడునగు బెర్తెలో హిందువుల రసవిద్యను గుఱించి తెలిసికొనగోరగా, రాయిగారు తన చేతనున్న రసగ్రంథమునుబట్టి ఒక వ్యాసమును పంపెను. ఆ ప్రోత్సాహమే ఎ హిస్టరీ ఆఫ్ హిందూ కెమిస్ట్రీ యను గ్రంథమునకు బీజము. మొదటి సంపుటము 1902లో, రెండవది 1909లో వెలువడెను. వ్రాతప్రతులను తెప్పించి, పరిశీలించి, రసార్ణవాది గ్రంథములనుండి సంస్కృత మూలభాగములను పుస్తకముచివర అచ్చువేయించెను. ఆయన యనువాదముపై సందేహము కలవాడు మూలమునే చూచుకొనవచ్చును.

ఆ మూలములలో రసరత్నసముచ్చయ మొకటి. ఖనిజమునుండి యశదమును, అనగా జింకును, దింపు విధానము అందున్నది. వంకాయ యాకారముగల మూసను చేసి, దానికి గొట్టమును అమర్చి, ఆవిరిగా వెలువడు లోహమును పట్టవలెనని చెప్పబడినది. చాలకాలము ఇది గ్రంథస్థమైన మాటగానే యుండెను. 1980ల దశకములో రాజస్థానమున ఉదయపురమునకు చేరువనున్న జావర్ గనులయొద్ద త్రవ్వకములు జరుపగా, ఒక్కొక్క కొలిమిలో ముప్పదియాఱు చొప్పున, వంకాయలవంటి మట్టిమూసలు గొట్టములతో సహా బయల్పడెను. ఐరోపాఖండమున జింకును ఈ రీతిని తీయుట పదునెనిమిదవ శతాబ్దమున గాని రాలేదు. గ్రంథమునందలి మాటకు నేల యిచ్చిన సాక్ష్యమిది.

రాయిగారి గ్రంథములో మనకు రుచింపని యధ్యాయము కూడ నొకటి కలదు. ఇంతటి విజ్ఞానము ఏల క్షీణించెనని ప్రశ్నించి, కారణములను తన సమాజమునందే వెదకెను. శవచ్ఛేదము వైద్యునకు ఆవశ్యకమని సుశ్రుతుడు చెప్పగా తరువాతి స్మృతులు శవస్పర్శను మైలగా నెంచెను. చేతిపనులు తక్కువ కులములవారికి విడువబడెను. చదువుకొన్నవాడు కొలిమికి దూరమయ్యెను. కొలిమివానికి చదువు దూరమయ్యెను. ఇది యెట్లు, ఏల యని అడుగువాడు కఱవయ్యెను. ఆయన నిర్ణయములో కొంత తీవ్రత కలదనువారు కలరు. కాని ఘనతను లోకమునకు చాటుటకే వ్రాసిన గ్రంథములో దాని పతనమును గూడ దాచక వ్రాయుటవలన, ఘనతను గుఱించి ఆయన చెప్పిన మాటకు విలువ హెచ్చినది. 1956లో భారత రసాయనశాస్త్ర సంఘము ఈ గ్రంథమును సవరించి, పెంచి, క్రొత్తపేరుతో మరల వెలువరించెను. కొనువారు దానిని వెదకికొనుట మేలు.

రాయిగారి పుస్తకముప్రక్కనే తఱచుగా కనబడు వేఱొక పుస్తకము వైమానిక శాస్త్రము. భరద్వాజ మహర్షి ప్రోక్తమని ప్రసిద్ధి. దీని చరిత్రమును తెలిసికొందము. బెంగళూరునకు చేరువనున్న ఆనేకల్లు నివాసి సుబ్బరాయశాస్త్రిగారు 1918 మొదలు 1923 వఱకు ఈ శ్లోకములను చెప్పగా వేంకటాచలశర్మగారు వ్రాసికొనెను. అంతకుముందటి తాళపత్ర ప్రతి యేదియు లేదు. 1959లో ఒక హిందీ కూర్పు వచ్చెను. 1973లో మైసూరునుండి జోస్యరుగారు మూలమును, ఆంగ్లానువాదమును, విమానముల పటములను చేర్చి ప్రకటించెను. మరుసటి యేడు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు చెందిన ముకుందగారు మొదలగు అయిదుగురు శాస్త్రజ్ఞులు దీనిని శ్రద్ధగా పరిశీలించి ఒక వ్యాసమును వెలువరించిరి. వారు పరిహసింపలేదు. పండితుని వారివారిని కలిసికొని విచారించిరి. భాషను పరిశీలించి, అది వేదకాలపుది కాదని కనుగొనిరి. శకునము, సుందరము, రుక్మము, త్రిపురము అను నాలుగు విమానముల కొలతలను, బరువును, నడుపు విధానమును లెక్కకట్టిరి. వానిలో నొకటియు ఎగురజాలదనియు, గ్రంథము 1904కు పూర్వపుది కానేరదనియు తేల్చిరి. రైటు సోదరులు గాలిలోనికి లేచినది 1903 డిసెంబరులో!

ఈ నిర్ణయమువలన మన పురాణములకు వచ్చిన నష్టమేమియు లేదు. పుష్పకము కావ్యమందున్నది, కావ్యముగానే అది శోభించును. యంత్రములను గుఱించి మన ప్రాచీనులు నిజముగా నేమి వ్రాసిరో తెలియగోరువారికి చెన్నపురి సంస్కృతాచార్యులు వే. రాఘవన్‌గారు 1952లో ప్రకటించిన చిన్న పుస్తకము కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమునందలి దుర్గయంత్రములు మొదలుకొని, భోజరాజు సమరాంగణ సూత్రధారమునందు వర్ణించిన యంత్రముల వఱకు సంస్కృత వాఙ్మయమునందలి ప్రస్తావనలను ఆయన ఏర్చికూర్చెను. భోజుడు పాదరసముతో నెగురు కొయ్యపక్షిని చెప్పి, గోప్యము కొఱకు పూర్తివివరమును చెప్పలేదనెను. రాఘవన్‌గారు దానిని ఉన్నదున్నట్లు చూపిరి. పండితుని పని అంతే.

వైమానిక శాస్త్రము పిల్లవాని చేతబడినంతమాత్రమున వచ్చిన ముప్పేమని కొందఱడుగుదురు. వానికి ఉత్సాహము కలుగునుగదా యని వారి వాదము. ముప్పు తరువాత వచ్చును. ఆ బాలుడు ఇంజనీరింగు కళాశాలలో చేరి, గాలి యొత్తిడియు, బరువును లెక్కకట్టుట నేర్చినదినమున ఆ పుస్తకము కూలును. అది యొక్కటే కూలిన బాగుండును. దానితోపాటు తండ్రి చెప్పిన పాతమాటలన్నియు వాని మనస్సులో కూలిపోవును. అప్పుడు కోనసముద్రపు సంగతి చెప్పినను వాడు నవ్వి లేచిపోవును.

ఆ సంగతి నవ్వి త్రోసివేయదగినది కాదు. కోనసముద్రము నిజామాబాదు జిల్లాలోని గ్రామము. లాంబ్టను దొర త్రికోణమితీయ సర్వేలో వైద్యుడుగాను, భూగర్భశాస్త్రజ్ఞుడుగాను నుండిన వాయిసీ యనునతడు అచ్చటి కమ్మరుల పనిని కన్నులార చూచి వ్రాసెను. 1824లో నతడు మరణించిన పిదప, 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆ వ్రాత వెలువడినది. కమ్మరులు రెండుచోటుల ఇనుమును కలిపి మట్టిమూసలలో నుంచి, మూతివేసి మెత్తి, బొగ్గుల కొలిమిలో తిత్తులతో ఊదుచు ఒక పగలు ఒక రాత్రి కాల్చుచుండిరి. మూసను పగులగొట్టగా ఉక్కుబిళ్ళ దిగును. దానిని కొనుటకు పారశీక దేశమునందలి ఇస్ఫహాను పట్టణమునుండి వర్తకుడు వచ్చి ఆ గ్రామమున బసచేసియుండెను! తమ దేశమున ఈ పనిని అనుకరింప యత్నించి విఫలులైరని అతడే చెప్పెనట. డమాస్కసు కత్తులని లోకమున పేరుగన్న వానికి ముడిసరకు ఈ జాతి ఉక్కే.

ఐరోపావారు దీనిని ఊట్జ్ అనిరి. మన ఉక్కు అను మాటయే నోటినుండి చేతివ్రాతకు, చేతివ్రాతనుండి అచ్చునకు దిగుచు ఇట్లు మాఱినదని పండితుల యభిప్రాయము. కన్నడమునను ఈ మాట ఉక్కే. 1794లో బొంబాయినుండి స్కాటు అను వైద్యుడు లండను రాయల్ సొసైటీ అధ్యక్షునకు దీని మచ్చులను పంపెను. 1819 మొదలు కొన్నేండ్లు మైకేలు ఫారడే, స్టోడర్టు అను కత్తుల నిపుణునితో కలిసి, దీని గుట్టును విప్పుటకు ప్రయోగములు చేసెను. ఫారడే తండ్రియు కమ్మరియే. అచ్చట కమ్మరి కొడుకు ప్రయోగశాలకెక్కెను. ఇచ్చట కమ్మరి పేరైనను కాగితమునకెక్కలేదు. రాయిగారు చెప్పిన మాట యిదే.

కోనసముద్రము ఒంటరిది కాదు. నూజివీటికి చేరువనున్న రమణక్కపేట యినుపకొలుములను బెంజమిను హైనె అను వైద్యుడు 1795లో చూచి వ్రాసెను. కొలిమి కట్టుబడి, బొగ్గు, పనివారి కష్టము అన్నియు అందున్నవి. కొన్నేండ్లకుముందు వచ్చిన కఱవునకు పూర్వము అచ్చట బాగుగ బ్రదికిన పనివారు పెక్కుమంది యుండిరనియు, మిగిలినవారు బీదలైరనియు నతడు వ్రాసినాడు. ఈ నివేదికను ధర్మపాల్‌గారు లండను దఫ్తరములనుండి బయటికి తీసి, ఇండియన్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఇన్ ది ఎయిటీన్త్ సెంచురీ యను గ్రంథమున 1971లో అచ్చువేయించెను. ఆయన పీఠికలోని యభిప్రాయములతో ఏకీభవింపనివారుండవచ్చును. కాని నివేదికలను కత్తిరింపక నిచ్చుటచేత పాఠకుడు తన నిర్ణయమును తాను చేసికొనును. దఫ్తరములతో నిత్యము పనిగల మనకు, పాత ఫైలులో ఎంత చరిత్రము దాగియుండునో ఈ పుస్తకము చూపును.

ఈ పరిశ్రమ ఏల నశించినదో విమానకథలలో దొరకదు. యంత్రశాలల ఉక్కు ఓడలపై చౌకగా దిగినది. బొగ్గునకు అడవులు అందకుండ పోయెను. కత్తులు కొను సంస్థానములు సద్దుమణిగెను. ఈ సంగతులను, మూసల మట్టిని, ఉక్కులోని కర్బనపు పాలును కలిపి తెలియగోరువారు శారదా శ్రీనివాసన్, ఎస్. రంగనాథన్‌గార్లు కలిసి వ్రాసి, 2004లో బెంగళూరునుండి వెలువరించిన ఇండియాస్ లెజెండరీ ఊట్జ్ స్టీల్ అను గ్రంథమును కొనవలెను. ఈ రంగనాథన్‌గారు లోహశాస్త్రజ్ఞులు. గ్రంథాలయముల రంగనాథన్‌గారు వేఱు. 2010లో ఇంగ్లండునందలి ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును, బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారును కలిసి ఉత్తర తెలంగాణపు గ్రామములలో చిట్టెపు దిబ్బలను వెదకి గుర్తించిరి. సెలవులకు ఆ ప్రాంతములకు పోవు మన సభ్యులు, ఊరివెలుపల నల్లగా, గాజువలె మెఱయు చిట్టెపు పెళ్ళలను పిల్లలకు చూపవచ్చును. సలీం అలీ పుస్తకముతో కిటికీ దగ్గఱ నిలిచిన బాలుడు ఇచ్చటను అదే పని చేయును.

ఢిల్లీయందున్నవారికి అంతదూరము పోనక్కఱలేదు. మెహ్రౌలీలోని ఇనుపస్తంభము దాదాపు ఆఱు టన్నుల బరువు, గుప్తులనాటిది. అది త్రుప్పు పట్టకపోవుటను గుఱించి వినని కథ లేదు. కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు బాలసుబ్రహ్మణ్యముగారు 2002లో ప్రకటించిన ఢిల్లీ ఐరన్ పిల్లర్ అను గ్రంథమున ఇందలి రహస్యమును విప్పిరి. ఆ యినుములో భాస్వరము ఎక్కువ. దానివలన పైన సన్నని పొర యేర్పడి కాపాడుచున్నది. భూమిలో పాతబడిన భాగమున త్రుప్పు లేకపోలేదని గూడ వారే వ్రాసిరి. 1997లో చుట్టును కంచె వేసినందున ఇప్పుడు దానిని కౌగిలించుకొనుట కుదరదు గాని, పుస్తకము చేతబట్టి చదువుచు చూచుటకు అడ్డులేదు.

ఇక అంకెల సంగతి. వైమానిక శాస్త్రమును సంఘ గ్రంథాలయమునుండి తీసివేయవలెనని నేననను. కోరిన సభ్యునికి పుస్తకము లేదనుట మర్యాద కాదు. అది 609లో రాయిగారి ప్రక్కన ఉండరాదు, 294.5లో కాణేగారి ప్రక్కనను ఉండరాదు. ఇరువదవ శతాబ్దపు రచనల యరలో దాని కాలమునకు తగినచోట నుంచి, 1974 నాటి బెంగళూరు శాస్త్రజ్ఞుల వ్యాసపు ప్రతిని సంపాదించి, ఆ పుస్తకముతోనే కుట్టించి బైండు చేయించిన చాలును. బైండింగు ఖర్చు స్వల్పము, కోశాధికారిగారు అభ్యంతరపెట్టరు.